నేలచెవి

లంకమలలో అడవి పూల పేర్లు రాసుకోడానికి పోయినవాణ్ణి.
నా సంచిలో భూతద్దం, స్కేలు, పాత పేపర్లు.
సుంకులమ్మ భుజాన దోటి,
ముందు ఇరవైమూడు మేకలు.

మొదట బదనిక చూపించింది.
మద్దిమాను చంకలో, వేళ్లు గాలికి వేలాడేసి,
పసుపు మీద ఇటుకరంగు గళ్లు,
నడుమ ఊదా పెదవి.
"మాను రసం తాగి బతుకుతుందంటారే" అన్నా, పరీక్షగా.
"అది వేరే బదనిక సామీ.
ఇది మానును ఊరికే పట్టుకోనుంటాది, పాపం."
పరీక్ష తప్పింది నేనే.

పువ్వు తిప్పి చూడు, వెనక తోక ఉందా,
పెదవి ఎన్ని చీలికలు, అంటుంది నా పుస్తకం.
ఎన్నో వానకు లేచింది, అంటుంది ఆమె.

మిరుగులో రెండో వాన వెలిసిన తెల్లారి
వెదురు పొద కింద
ఆకూ అలమూ లేని జానెడు కాడ,
కొసన తల వంచుకుని
ఒకే ఒక్క పువ్వు.
"మూగపువ్వు. మాయమ్మ పెట్టిన పేరు.
పెదివుంది, మాట ల్యా."

రాసుకున్నా: మూగపువ్వు. ఆకులు లేవు.
ఎందుకో, పక్కనే పుల్ల పాతి
ఎర్రదారం కట్టొచ్చా.

ఆరుద్ర పోయింది. పునర్వసు సగమైంది.
మళ్లీ పోతే దారం వెలిసి ఉంది, పువ్వు లేదు.
అక్కడే నేలనానుకుని
మడతలు మడతలుగా గుండ్రటి ఆకు,
అదీ ఒక్కటే.
"ఇదా, నేలచెవి. మాయత్త చూపిచ్చింది.
దీనికి పువ్వు పుయ్యదు."

మునివేళ్లతో మన్ను తోడాను.
గోలీకాయంత గడ్డ.
గడ్డకు ఒకపక్క ఈ ఆకు,
మరోపక్క ఎండి నల్లబడ్డ
ఆ పువ్వు కాడ.

సుంకులమ్మ గొంతుక్కూర్చుని చానాసేపు చూసింది.
మేకలు వంక దాటిపోయినాయి, పిలవలేదు.

"అయితే ఇద్దరూ ఒకదాన్నే చూసినారా" అంది.
"నా పెండ్లినాడు ఎసట్లో ఉప్పు దగ్గర తగువుపడి
సచ్చేదాకా మొగమ్మొగం చూసుకోల్యా
మాయమ్మా మాయత్తా."

గడ్డ మీద మన్ను కప్పి, అరచేత్తో తట్టింది,
బిడ్డను నిద్రపుచ్చినట్టు కాదు,
రొట్టె తట్టినట్టు.

"ఒక పేరు కొట్టేయాల మరి" అన్నా పెన్ను తీసి.
"యాది కొడతావు?
పువ్వున్నప్పుడు చెవీ అంటే పలుకుతాదా?"

ఖాళీ వదిలి లేచా.
తిరిగి చూస్తే
వంక దాటని కుంటిమేకొకటి
ఎర్రదారాన్ని తీరిగ్గా నములుతోంది.