తొమ్మిది మీటర్లు

మూడో సెమిస్టరులో మా బ్యాచ్‌కి పంచింది
కంచరపాలెం వెనకాల గెడ్డ.
ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం,
ఫ్యాక్టరీలకు ఊదా అని బట్టీపట్టి వెళ్లాం.
పోర్టు వైపు గాలి తిరిగిన మధ్యాహ్నం
బొగ్గు నుసి పడి మాసే దుప్పట్లకు
ఏ రంగు వెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస హేమసుందర్ దగ్గర.
మధ్యలో రెండు నీళ్ల డ్రమ్ములు, ఒక కోడి, ఇస్త్రీ బండి,
బండి వెనక నుంచి లేచిన అప్పలకొండమ్మ.
"ఏటి కొలుత్తన్నారు పిల్లలూ,
గెడ్డనా, మమ్మల్నా?"

సర్వే ఫారంలో ఇరవై ఆరు ప్రశ్నలు.
ఆమె నిండుగా జవాబు చెప్పింది ఒక్కదానికే,
అది మేం అడగనిది.
గోడ మీద ఇస్త్రీ బొగ్గుతో గీసిన గీతలు చూపించి
"ఇది మా పెద్దోడు పుట్టిన యేడు.
ఇది హుద్‌హుద్ది.
ఇది మొన్న సావనంలో. కుక్కపిల్ల మంచవెక్కీసింది."
ఆ గీతలన్నీ ఎక్కించుకున్నాను.
మా లైబ్రరీలో ఏ పటంలోనూ లేని కాంటూర్లు.

రాత్రి హాస్టల్లో ఊరి పటం పరిస్తే
అన్నీ నీళ్ల పేర్లే.
హనుమంతవాక, ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ.
వాక అంటే ఏమిటో మరిచి
బస్టాపు అనుకుంటున్నాం.
పేరు పెట్టినవాళ్లకి తెలుసు నీరు ఎటు నడుస్తుందో.
మనం దాని దారిలో పునాది తీసి
ఇంట్లో జొరబడిందని దానిమీదే ఫిర్యాదు రాస్తాం.

గెడ్డకి ఊపిరాడాలంటే
ఇటు తొమ్మిది, అటు తొమ్మిది మీటర్లు వదలాలి.
లెక్క తప్పు కాదు. మూడుసార్లు చూశాను.
పచ్చ పెన్సిలు గట్టు వెంట నడిచి
మలుపు దగ్గర మెలిక తిరిగి
సరిగ్గా ఆమె గుమ్మంలో ఆగింది.

జ్యూరీలో సారు మెచ్చుకున్నారు.
పచ్చ మధ్యలో ఈ ఒక్క పసుపు గడేమిటి,
చెరపడం మర్చిపోయావా అన్నారు.
మర్చిపోలేదు సార్,
ఆమెను ఎక్కడ ఉంచాలో ఇంకా గీయలేదన్నాను.
పాతిక కిలోమీటర్ల అవతల
ఖాళీ బ్లాకులున్నాయి కదా అన్నారు.
అక్కణ్ణించి ఇస్త్రీ బండి
ఏ నంబరు బస్సెక్కి వస్తుంది?

మార్కులు కోశారు.
సారు మంచివారే. ఆయన చెప్పిందీ పుస్తకంలో ఉంది.

ఆదివారం మళ్లీ వెళ్లాను, టేపు లేకుండా.
సింహాచలం కొండ కనపడటం లేదు,
అంత మబ్బు.
అప్పలకొండమ్మ రేకుల మీద బరకం కప్పుతోంది.
ఒక అంచు ఇటుకల కింద అణిచింది,
రెండోది గాలికి కొట్టుకుంటోంది.
"సూత్తా నిలబడ్డావేటి,
ఆ కొస పట్టుకో."