వంతెన కాడ ఆగే ఆట

బియ్యం సంచిల పెట్టుకొని తెచ్చిండు సీపీయూను
మట్టపల్లి,
రైసుమిల్లుల బాయిలర్ కాడ రాత్రి డ్యూటీ చేసేటోడు.
బల్ల మీద పెట్టి సంచి గుంజితే
రెండు మూడు నూకలు రాలినయి.

మిల్లు ఆఫీసుల పాతదైందని పక్కన పడేస్తే
పదిహేను వందలకు కొనుక్కున్నడట.
జేబుల నుంచి ఒక సీడీ తీసిండు,
తువ్వాల ముక్కల చుట్టి.
"జీపు ఆట అక్కా.
నాలుగో లెవెల్ల వంతెన ఎక్కంగనే బందైతది.
ఇంటర్ల, గంటకు పదిహేను రూపాయలు కట్టి ఆడినప్పటిసంది గంతే.
అవతల ఏమున్నదో సూడాలె."

మిర్యాలగూడల మే నెల.
మూత విప్పితే
ఫ్యాను రెక్కల నిండ తవుడు,
మెత్తగ, పచ్చగ, పదేండ్ల తవుడు.
ఊరంత పీల్చే గాలే
ఈ డబ్బా గూడ పీల్చింది.
బ్రష్షుతోని దులిపిన. తుమ్మిన. మల్ల దులిపిన.
ఎండిన పేస్టు గోకి
ఆవగింజంత కొత్తది పెట్టిన.

డబ్బా సల్లబడ్డది గని
ఆట పెడితే, అబ్బో,
జీపు గాదది, తెగిన గాలిపటం.
మలుపు కనపడక ముందే గోడకు గుద్దె,
శత్రువు నోరు తెరవక ముందే కాల్చె.
ఆ ఆటకు తన గడియారం లేదు.
మిషన్ గుండె కొట్టుకున్నదే దానికి లెక్క,
గుండె ఉరికితే కాలం ఉరుకుతది.

పన్నెండేండ్లుగ ఈ గల్లీల నేనమ్మింది వేగమే,
ర్యాము పెంచుకోండ్రి, డిస్కు మార్చుకోండ్రి అనుకుంట.
మొదటిసారి వేగానికి ముక్కుతాడేసిన.
నాలుగు తలల ప్రాసెసర్‌ల
మూడు తలలను పండబెట్టి
ఒక్కదానితోనే ఆలోచించుమన్న.
సెకండుకు ముప్పై బొమ్మలు, మించొద్దన్న.
నీడలు తీసేసిన,
గీ ఎండల మనకే నీడ లేదు, జీపుకెందుకు?
మెమరీ ఎంతున్నదని ఆట అడిగితే
తక్కువ జేసి చెప్పిన,
అప్పులోనితోని చెప్పినట్టు.

నిలబడ్డది.
మూడు లెవెళ్లు సాఫుగ పోయినయి.
వంతెన ఎక్కింది.
బందైంది.

ఆ రాత్రి షట్టరు సగం దించి
ఆట తనకు తాను రాసుకునే చిట్టా చదివిన,
వరుస ఎనక వరుస.
ఆఖరి వరుసల ఒకటే పేరు:
నది సప్పుడు.
గీతలు పడ్డ సీడీల నుంచి
అన్ని వచ్చినయి, అదొక్కటి రాలే.
వంతెన ఎక్కిన ప్రతిసారి
లేని నీళ్ల కోసం చెవులొగ్గి
అట్లనే కూలుతున్నది.

అదే పేరుతోని
ఉత్త మౌనం ఒకటి చేసి పెట్టిన.
జీపు దాటింది.
దాటింది గని
మట్టపల్లి మొఖం సిన్నబోయింది.
"నీళ్లున్నయి, సప్పుడు లేదేందక్కా?
బొమ్మల నీళ్లు గూడ ఎండినట్టున్నయి."

పోయిండు. డబ్బా నా బల్ల కిందనే ఉండె.
ఎవరో రీఛార్జికొచ్చి దాని మీద కూసునేటోళ్లు.
ఎడమ కాలువకు నీళ్లిడిసిందాక ఆగిండు,
శ్రావణం దాక.
ఒకనాడు డ్యూటీ దిగి, మొఖం గూడ కడగకుండ,
గట్టు మీద కూసోని
ఫోన్ల పట్టుకొచ్చిండు
నలభై సెకండ్ల నీళ్లు.

పేరు మార్చి ఎక్కించిన.

అవతల ఏముండె?
అవే చెట్లు, అదే గడ్డి మల్లమల్ల అతికిచ్చి,
ఒక బోడగుట్ట,
దానెనక ఏ రంగు లేని గోడ.
"గింతేనా?" అన్నడు.
గంతే.

లేస్తడనుకున్న. లేవలే.
జీపును మర్లేసి
వంతెన నడిమిట్ల తెచ్చి ఆపిండు.
ఏ దేశపు నదో తెల్వదు,
దాంట్ల మా కాలువ నీళ్లు పారుతున్నయి.
రికార్డుల ఒడ్ల లారీ ఒకటి పడ్డది,
కత్తిరిచ్చుడు మరిచిన,
నలభై సెకండ్లకొకపారి హారన్ కొడుతది.

కొట్టినప్పుడల్లా
ఎనక ఎవ్వరు లేకున్నా
మట్టపల్లి జీపును
జర పక్కకు జరుపుతడు.