లగేజీ టిక్కెట్టు

డాక్టరిచ్చిన రబ్బరు బంతిని
మూడోరోజే మిద్దె మీదికి విసిరేసినా.
ఎడమ చేత్తోనే లెండి.
కుడి చేయి నా ఒళ్ళో పడుండాది
ఎవరో దిగిపోతా మరిచిపోయిన సంచి మాదిరి.

ముప్పై ఒక్క ఏండ్లు
అనంతపురం–బళ్ళారి బస్సులో చిల్లరెంచిన చేయి.
లైటు పోయినా తడిమి చెప్పేది,
ఇది పావలా, ఇది అర్ధ అని.
మాఘమాసంలో ఒకనాడు తెల్లారేసరికి
చొక్కా గుండీ ఏదో, అది దూరే కంత ఏదో
తెలీకుండా పోయింది దానికి.

"పిసకాల తాతా, పూటకు నూరుసార్లు" అంటాది
ఫిజియోథెరపీ పిల్ల సుమయ్య.
నేనేమన్నా పసిపిల్లోన్నా
బంతిచ్చి కూర్చోబెట్టేకి?

మృగశిర ఇంకా నాలుగు దినాలుందనంగా
ఎదురింటి ఉలిగమ్మ వచ్చి
అడక్కుండానే నా ముందర చాటెడు బుడ్డలు కుమ్మరించింది.
నీళ్ళు చల్లి మెత్తబరిచిన బుడ్డలు, మట్టివాసన ఇంకా పోలేదు.
"విత్తనానికి పెట్టినవి. పప్పు పగలగూడదు,
పైపొర చినగగూడదు.
కూలి ఇయ్యలేను గానీ, టీ పోస్తా."

మొదటి దినం పదకొండు ఒలిచినా.
నాలుగు పగిలిపోయినాయి.
పగిలినవి గుట్టుగా నోట్లో వేసుకున్నా,
లెక్కలో దొరక్కుండా.
ఉద్యోగంలో ఒక్కనాడూ చేయని పని.

వారానికి అరుగు నిండింది.
మగ్గం దిగినాక కండ్లకు పొర కమ్మిన వన్నూరప్ప
చూడకుండానే ఒలుస్తాడు,
నూలు తెగిందా అని తడిమినట్లే.
హుసేనమ్మ చెవికి మాటలు సగమే చేరుతాయి,
ఆ సగంతోనే పొడుపుకథ అల్లేస్తాది:
"తలుపులేని ఇల్లు, ఎర్రంగీల అన్నదమ్ములు ఇద్దరు,
లేపేదాకా లెయ్యరు. ఎవరబ్బీ?"
చేతిలో ఉన్నదే జవాబని
అందరికన్నా ఆలస్యంగా నాకే తట్టింది.
నవ్వినారు. నేనూ నవ్వినా,
మూతి కొంచెం వంకరగా.

"నీ బస్సు స్టేజీలు చెప్పు, విందాం" అనింది ఉలిగమ్మ ఒక సాయంత్రం.
అదెంత పని!
రాచానపల్లి, కూడేరు...
కూడేరు...
ఎదురుగా పడగెత్తిన కొండ
నల్లబడతా నన్నే చూస్తాంది.
ఉరవకొండ వచ్చేలోపల ఒకటుండాల.
బస్సు ఆగినట్లుంది, తలుపు తెరిచినట్లుంది,
పేరు మాత్రం ఎక్కడం లేదు.

బుడ్డ మీంచి తలెత్తకుండానే చెప్పింది ఆమె.
"నల్లవంక మోరీ.
బోర్డు లేదు, చెట్టు లేదు, చేయెత్తితే ఆపేవాడివి.
అరమూట కాయలకు అర్ధరూపాయి లగేజీ కొట్టినావు నాకు.
కాళ్ళ సందున పెట్టుకుంటానంటే
రూలు రూలే అన్నావు, పెన్నోబులేసూ."

ఎంత తవ్వినా ఆమె ముఖం గుర్తుకు రాలేదు.
ఎందరు ఎక్కలేదు, ఎన్ని మూటలు చూడలేదు!
కానీ ఆ మాట విన్నాక
బొటనవేలు, చూపుడువేలు
నన్నడక్కుండానే ఒకదాన్నొకటి ఒత్తుకున్నాయి.
టప్.
పంచి కొట్టినట్లే.
రెండు పప్పులు, పొర చినగకుండా,
జారి చాటలో పడినాయి.

"ఆ అర్ధరూపాయికి వడ్డీ ఎంతయ్యింటాది?" అన్నా.
"ఇంకా రెండు మూటలుండాయి లే" అనింది.

నిన్న రాత్రి గుండీలు నేనే పెట్టుకున్నా.
పైది ఒకటి తప్పింది. ఎవరికీ చెప్పలేదు.

మబ్బు పట్టింది.
మిద్దె మీద ఆ బంతి
తూములో అడ్డంపడితే నీళ్ళు నిలుస్తాయంట.
మెట్లు పద్దెనిమిది. కింది నుంచి రెండుసార్లు ఎంచినా.
రేపు పొద్దున,
ఎండ రాకముందే,
నేనే ఎక్కి తెస్తా.