పసుపు అంచు

బొమ్మలాయన మా మేడగదిలో అద్దెకుంటాడు.
గుడ్డుసొన, తుమ్మజిగురు, దీపపు మసి,
ఆ గిన్నెలన్నీ కడిగేది నేనే.

ఈ రాత్రి మా కెంట్ కొండ మీద
రొట్టెల పళ్ళెమంత చంద్రుణ్ణి వేశాడు.
"అంత పెద్దగా ఉంటాడా అయ్యా?"
"చూడ్డం వస్తే ఉంటాడు, కెజయా."

చూడ్డం నాకూ వచ్చు.
మంద మధ్య కర్రకానుకుని కునికే ఆ కాపరి
మా నాన్నే.
నిజానికి ఈ వేళప్పుడు ఆయన
కుంటి గొర్రె గిట్ట చెక్కుతూ
చలిని బూతులు తిడుతుంటాడు.

తర్వాత, ఓక్ చెట్ల వెనక
కొండ అంచుకి పసుపు పూశాడు
మెత్తగా, వేలికొసతో.
"చూశావా, అక్కడిదాకా పాకింది వెన్నెల."

వెన్నెల అలా వణకదు.
అక్కడున్నవి హ్యాచర్డ్ దొర గడ్డివాములు,
మొన్న బండి మీద దిగిన నూర్పిడి యంత్రం.
సందెవేళ మా తమ్ముడు జేబెజ్
కుక్కని కట్టేసి వెళ్ళాడు.
గూట్లో చకుముకి డబ్బీ లేదు.

బొమ్మ ఆరాలని కిటికీ తెరిచాడాయన.
ముక్కు ఎగబీల్చాడు.
"పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుందే?"

"అవునయ్యా, నేనే మర్చిపోయాను" అని
తడిచేతుల్తోనే వెళ్ళి
కిటికీ మూశాను.