ఒకటో దెబ్బ

టైర్ల కొట్టు కట్టేశాకే మా స్టూడియో తెరుచుకుంటుంది.
గాలికొట్టే యంత్రం ఆఖరిసారి బుస్సుమని ఊరుకున్నాక
వెనక గదిలో ఒజెల్లా ట్రాటర్
చెప్పులు విడిచి, గాజులు తీసి
ఆంప్లిఫయర్ మీద పెడుతుంది.
డెబ్బై నాలుగేళ్ళు.
"ఇనప చప్పుడు వద్దు, నాలో ఉన్నది చాలు"
అంటూ కొత్త మోకాలు తట్టి చూపిస్తుంది.

పగలు నేను స్కూలు బస్సు నడుపుతాను.
రాత్రి ఆమె వెనక బాస్ గిటారు.
ష్రీవ్‌పోర్ట్‌లో ఎర్రనది వంతెన ఎక్కుతూ
పిల్లల గోలలో కూడా
ఆమె ఎక్కడ ఊపిరి తీస్తుందో లెక్క చూసుకుంటాను.

పాట కరెంటు బిల్లు గురించి.
నవ్వకండి.
ఆగస్టులో తీగ కోసేసి పోయారట,
ఫ్రిజ్‌లో చేపలు కరిగి
నీళ్ళు వంటింట్లోంచి వసారాదాకా పాకాయట.
కంపెనీకి ఫోను చేసి నలభై నిమిషాలు కాచుకుంటూ
బిల్లొచ్చిన కవరు వెనకే రాసుకుంది.
"ప్రేమ మీద పాడి పాడి ముగ్గురు మొగుళ్ళకి పేరు తెచ్చాను,
ఈసారి నా మీటరు మీద పాడతా."

డ్రమ్ముల దగ్గర డెమారియస్, పందొమ్మిదేళ్ళవాడు,
గడియారం మింగినట్టు వాయిస్తున్నాడు.
ఆమె చెయ్యెత్తింది.
"ఒకటో దెబ్బ ఇంటద్దె నాయనా, ఎగ్గొట్టకు.
మిగతా మూడూ అప్పు పెట్టుకో, ఎవరడుగుతారు?"
అంతే, ఆ మలి విడత
నేల కింద ఏదో ఒత్తిగిల్లింది.
గోడనున్న చక్రాల చట్రాలు సన్నగా పలికాయి.
తుడిచెయ్యనా అన్నాడు గిడ్రీ.
"ఉండనీ, అవీ రోడ్డు మీద అరిగినవే."

ఆగింది, ఆగింది, మోటారు ఆగింది!
పదకొండు సార్లు వాయించాం,
పదకొండు సార్లూ నా భుజాలు నా మాట వినలేదు.
ఆ వరస చివర ఆమె వేసే కేక ఒకటుంది,
పొయ్యిలో ఉప్పుకల్లు చిటపటన్నట్టు.

రెండో వైపుకి ఏం పాడతావంటే
"అదే పాట. అవే మాటలు. దీపం తియ్యండి" అంది.
చీకట్లో ఆంప్లిఫయర్ ఎర్రచుక్క ఒక్కటే.
ఈసారి ఆమె పాట మోయలేదు, ఈడ్చింది.
మోటారు ఆగింది,
అని, నాలుగు దెబ్బల మేర ఏమీ లేదు.
తర్వాత ఆ కేక.
నెమ్మదిగా వింటే అది కేక కాదు.
వెర్నెల్.
ఆమె చెల్లెలు.
మంచం పక్కన గాలి అందించే పెట్టె.
ఆగస్టులో పోయిందని అందరికీ తెలుసు,
ముసలితనం అనుకున్నాం,
కూర వండి పట్టుకెళ్ళాం.
నా వేలు తీగ మీద ఉండిపోయింది.
అదీ రికార్డులో ఉంది, తప్పు స్వరంగా.

ఊళ్ళో మొదటి వైపే తిప్పుతున్నారు.
చేపలు వేయించే కొట్టుముందు శుక్రవారం పూట
పళ్ళేలు పట్టుకునే ఆడుతున్నారు.
ఒజెల్లా కూడా ఆడుతుంది, ఇనప మోకాలితో.

మా బస్సు రైలు పట్టాల దగ్గరికి రాగానే
పిల్లలంతా ఒక్క గొంతుతో
ఆగింది, ఆగింది!
నిబంధన ప్రకారం తలుపు తెరిచి
చెవి పెడతాను.
రైలేమీ లేదు.
అయినా నాలుగు లెక్కపెట్టిగాని
కదలను.