ఇత్తడి ధరకి

ఒంగోలు కర్నూలు రోడ్డులో పాతసామాన్ల కాలేషా
ఇత్తడి ధరకే తూచాడు ఆ దుర్బిణిని:
నాలుగు కిలోల మూడొందల గ్రాములు.
గాజుకి లెక్క కట్టలేదు.

లోపల కుమ్మరిపురుగు మట్టిగూడు,
బయట పచ్చగా చిలుము.
బిందె తోమినట్టే చింతపండేసి తోమింది అంకమ్మ.
ఊడిపోయిన మర చోట
కుట్టుమిషను బోల్టు ఒకటి, దాని కోసమే పుట్టినట్టు, కూర్చుంది.

పెద్ద గాజుమీద మాత్రం ఒక గీత.
చీమకుర్తిలో పదారేళ్లుగా రాయికి పాలీషు పెట్టేవాణ్ణి,
నల్లరాతిలో బంగారు చుక్కలు లేచిందాకా వదలనోణ్ణి,
గీత కనబడితే చెయ్యి ఊరుకుంటదా?
"రుద్దబాకయ్యా, చూపు పోద్ది"
అన్నాడు సైన్సు అయ్యవారు చెంచురామయ్య.
దూది తడిపి, ఊపిరి బిగబట్టి, అద్ది వదిలేశా.
గీత ఉంది. ఉండనీ.

రోజూ క్వారీ దుమ్మే మాకు ఆకాశం.
వాన వెలిసి, రంపాలు ఆగిన ఆదివారం రాత్రి
మిద్దెమీద నిలబెట్టా, ముక్కరాళ్లు రెండు ఊతమిచ్చి.
శనిగ్రహం.
కందిగింజంత. నడుం చుట్టూ సన్నటి పలక.
నా ఊపిరికే వణుకుతా ఉంది.

శనిని చూడకూడదంటారే అని దణ్ణం పెట్టుకుని
అంకమ్మ కన్ను ఆనించింది.
శానాసేపు మాటాళ్లేదు.
పగలంతా కోతమిషను కాడ నీళ్లు పట్టే మనిషి,
చివరికి అడిగింది:
"అంత సన్నంగా ఎవురు కోశారయ్యా?"