తాడు కొస

రాత్రి రెండున్నరకి బీచ్ రోడ్డు మా ఇద్దరిదే.
కార్పొరేషన్ వ్యాను వెనక నిలబడి
తవుడు మావ తాడు తడుపుతాడు.
“పొడి తాడు అబద్దాలాడతాదిరా,
తడిదైతే మెడ ఎక్కడుందో నిన్నే అడుగుతాది.”

జలాంతర్గామి పక్కన మొక్కజొన్న తొక్కలు నములుతూ
ఒక కపిల ఆవు, రెండు కోడెలు.
విసురు.
గాలిలో ఒక సున్నా పుట్టి
దీపం కింద రవ్వంతసేపు ఆగి
కొమ్ముల మీద వాలుతుంది.
అరవై దాటిన మనిషి. కుడిచేతికి బొటనవేలు లేదు.
శివాజీపాలెం ఆబోతు ఒకటి, పంతొమ్మిదేళ్ళ కిందట,
తాడుకీ ఇనపకమ్మీకీ నడుమ నుంచి పట్టుకుపోయింది.

మొన్న పూర్ణా మార్కెట్లో, పాత కాయితాల కొట్టులో
వెలిసిపోయిన పత్రిక పేజీ దొరికింది నాకు.
గుర్రం మీద నల్లటి మనిషి,
వాన వెలిసిన తారురోడ్డంత నలుపు, మా మావంత నలుపు.
టోపీ. జీను. చుట్ట చుట్టిన తాడు.
కింద అక్షరాలు కూడబలుక్కున్నాను:
టెక్సాస్. పశువుల కాపరి. పేరు తెలియదు.

టీ బండి దగ్గర చూపిస్తే
మావ మొహం చూడలేదు, టోపీ చూడలేదు.
చేతులు చూశాడు.
“కొస ఏలికి సుట్టుకోలేదు సూడు.
జీనుకి రెండు మెలికలేసి ఒగ్గేసినాడు.
ఈడికి పని తెలుసురా.”
చాలాసేపటికి, “బొటనేలు ఉందేటి?”
సరిగ్గా అక్కడే చిరిగిపోయింది పేజీ.

చదివింది చెప్పాను.
మనుషుల్ని సంతలో పెట్టి అమ్మేవాళ్ళట, అన్నాను.
“నన్నూ అమ్మినారు కదరా,
ముందు పుట్టినోళ్ళు ముగ్గురు పోతే
బతకాలని, శేరు తవుడికి.”
నవ్వబోయి, సగంలో ఆగి,
“ఆళ్ళని ఏటికి?”
నా దగ్గర జవాబు లేదు, టీ ఉంది.

సంకెళ్ళు తెగాక మందల వెంట నెలలకి నెలలు
ఉత్తరానికి పోయేవాళ్ళట దుమ్ములో.
ఏరు అడ్డొస్తే లోతు తెలియడానికి ముందు వీళ్ళనే దింపేవాళ్ళట.
ఊరు చేరాక హోటల్లో మంచం మాత్రం దొరికేది కాదట.
పందేల దగ్గరైతే కొన్నిచోట్ల
జనం లేచి ఇళ్ళకి పోయాకే
వీళ్ళని ఎద్దు మీదకి ఎక్కించేవాళ్ళట.

“కాళీ బల్లల ముందర,” అన్నాడు మావ,
నిద్రపోతున్న రోడ్డంతా ఒకసారి చూసి.

కౌబాయ్ అంటే ఏటని అడిగాడు.
ఆవుల గుంటడు.
“ముసిలోణ్ణి కూడా గుంటడే అన్నారా?”
అన్నారు.
మా ఇనస్పెక్టరుకి ఇరవయ్యారేళ్ళు.
‘ఏరా గుంటా, వ్యాను తియ్’ అంటాడు మావని.
ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

డిసెంబరులో, నేవీ వేడుకల సాయంత్రం,
బ్యాండు మోతకి బెదిరిన ఆబోతు కుర్చీల్లోకి దూరింది.
ఆ ఒక్కరోజే మావకి జనం ఉన్నారు.
ఒకటే విసురు. ఈలలు.
ఎవరి పిల్లో భుజాల మీంచి చప్పట్లు కొట్టింది.
మర్నాడు పేపర్లో
ఆబోతు ఉంది, పక్కన పెద్దసారు ఉన్నారు,
ఫొటో అంచున తాడు, తాడు కొసన నాలుగు వేళ్ళు.
కింద, ‘సిబ్బంది’.

“ఇది నానే,” అన్నాడు, వేళ్ళని లెక్కపెట్టి.
తర్వాత అదే కాయితంలో పకోడీలు పోయించుకున్నాడు.

చిరిగిన పేజీ వ్యాను అద్దానికి అంటించాను.
‘పేరు తెలియదు’ అన్నచోట
పెన్ను పెట్టి, తీసేశాను.
ఆయన పేరు ఆయనకుంటుంది కదా,
నాకు తెలియనంత మాత్రాన.

లాసన్స్ బే మలుపులో
కోడెదూడొకటి దారి మధ్య పడుకుంది,
సముద్రం కేసి చెవులు తిప్పి.
దీపాలార్పమన్నాడు మావ.
చీకట్లో నీళ్ళ చప్పుడు,
తాడు తడుస్తోంది.